ఏటేటి కానుక: పసిపిల్లల ఛాయాచిత్రము

మామిడికారు వచ్చినదనగా నూజివీడు ప్రాంతపు ఇండ్లలో రెండు పనులు ఒక్కసారిగా సాగుచుండును. కోసిన కాయను వరిగడ్డిలో వేసి మాగబెట్టుట ఒకటి. మాగిన పండు ఎవరెవరికి పంపవలెనో లెక్క చూచుకొనుట రెండవది. ఆడపిల్ల అత్తవారింటికి ఒక బుట్ట, కోడలి పుట్టినింటికి ఒక బుట్ట, పట్టణములో ఉద్యోగము చేయు కుమారునికి ఒక బుట్ట. అందులో చిన్నరసాలు ఎన్ని, పెద్దరసాలు ఎన్ని, బంగినపల్లి పండ్లు ఎన్ని అనునది కూడ ఇంటి పెద్దలు ఆలోచించి నిర్ణయించు విషయమే. 2022 ఏప్రిల్ నెలలో నూజివీడు కృష్ణా జిల్లానుండి ఏలూరు జిల్లాలోనికి చేరినది. వెదురు గంపలకు మారుగా అట్టపెట్టెలు వచ్చినవి. కాని ఏటేటా పండు పంపుకొను ఆచారము మాత్రము మారలేదు.

మన ఇండ్లలో మరియొక మర్యాద కలదు. ఇరుగుపొరుగువారు గిన్నెతో ఏదైన పంపినచో ఆ గిన్నెను వట్టిదిగా తిరిగి ఇయ్యము. అందులో పిడికెడు పప్పో, ఒక బెల్లపుముక్కయో, ఏమియు లేనిచో కాసిన్ని పూలో వేసి పంపుదుము. మరి మామిడిపండ్ల బుట్టకు బదులుగా పట్టణమునుండి పల్లెకు ఏమి పంపవలెను? తాతకు బట్టలు పంపినచో ఉన్నవి చాలునందురు. అమ్మమ్మకు తినుబండారములు పంపినచో పండ్లు లేక తినలేననును. వారిద్దరికిని వద్దనబుద్ధి పుట్టని వస్తువు ఒక్కటే ఉన్నది. అది మనుమల బొమ్మ. పండ్లబుట్టకు ప్రతికానుకగా ఏటేటా పసిపిల్లల ఛాయాచిత్రమొకటి పెద్దలకు పంపుకొనుటను గురించియే ఈ ప్రసంగము.

ఈ కానుక అవసరము దూరము పెరిగిన కొలది పెరుగుచున్నది. కృష్ణా, గోదావరి జిల్లాలనుండి అమెరికాకు వెళ్ళి స్థిరపడిన కుటుంబములు లెక్కకు మిక్కిలిగా నున్నవి. వారికి నూజివీడు పండ్ల బుట్ట అందుట ఎట్లు? పండ్లలోని పురుగుల భయముచేత అమెరికా ప్రభుత్వము భారతదేశపు మామిడిపండ్లను పదునెనిమిది సంవత్సరములు తమ దేశములోనికి రానీయలేదు. 2007 ఏప్రిల్ నెలలో ఆ నిషేధము తొలగినది గాని, ఆమోదము పొందిన కేంద్రములలో కిరణములతో శుద్ధిచేసిన పండ్లను మాత్రమే అనుమతింతురు. ఇంటి తోటలో కోసి గడ్డిలో మాగబెట్టిన పండును అమ్మమ్మ స్వయముగా మనుమని చేతిలో పెట్టవలెననిన మనుమడే ఇక్కడికి రావలెను. పండు సముద్రము దాటలేనిచోట బొమ్మ దాటగలదు. అందువలననే ఆ బొమ్మను ఎట్లు తీయవలెను, ఎట్లు పంపవలెను, ఎట్లు దాచవలెను అని కొంత విచారించుట మంచిది.

పసిపిల్లలను ఫోటో తీయుట మొదటినుండియు కష్టమైన పనియే. 1839లో ఫ్రాన్సు దేశములో డాగేర్ కనిపెట్టిన పద్ధతి లోకమునకు వెల్లడియైన తొలినాళ్ళలో బొమ్మ పడుటకు నిమిషముల తరబడి కదలక కూర్చుండవలసి యుండెడిది. పెద్దలకైనచో తల వెనుక ఇనుపకొయ్య ఒకటి ఆనించి నిలిపెడివారు. ఏడాది బిడ్డను నిలుపుట ఎవరి తరము? తరువాతి దినములలో ఆ కాలము సెకండ్లలోనికి తగ్గినను బిడ్డ కదలిక మాత్రము తగ్గలేదు. అందుచేత ఐరోపా, అమెరికా దేశములలో ఒక ఉపాయము చేసెడివారు. తల్లిని కుర్చీలో కూర్చుండబెట్టి, ఆమెపై తలనుండి పాదములవరకు గుడ్డ కప్పి, ఆమె ఒడిలో బిడ్డను ఉంచి బొమ్మ తీసెడివారు. చూచువారికి బిడ్డ ఏదో గుడ్డ కప్పిన కుర్చీలో కూర్చున్నట్లు కనబడును. అట్టి బొమ్మలు ఈనాటికిని అనేకము మిగిలియున్నవి. వానిని శ్రద్ధగా చూచినచో గుడ్డ మడతలో ఒక మోచేయియో, బిడ్డ నడుమును పట్టుకొనిన వ్రేళ్ళో బయటపడుచుండును. బిడ్డ బొమ్మ కొరకు తల్లిని దాచివేసిరి. నేడు మనకు ఆ బొమ్మలో మొదట వెదకబుద్ధియగునది ఆ తల్లి చేయియే. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాను. మరల దీని ప్రసక్తి వచ్చును.

ఛాయాచిత్రమునకును కుటుంబపు కానుకకును గల సంబంధము కూడ పాతదియే. జూలియా మార్గరెట్ కామెరాన్ అను ఆంగ్ల మహిళ 1815లో కలకత్తాలో జన్మించినది. 1863లో, ఆమెకు నలుబది యెనిమిదవ యేట, కుమార్తెయు అల్లుడును ఆమెకు ఒక కెమేరా కానుకగా ఇచ్చిరి. మరుసటి సంవత్సరము జనవరిలో అనీ అను చిన్న బాలికను ఆమె బొమ్మ తీసినది. తనకు కుదిరిన మొదటి బొమ్మ అదియే అని ఆమె చెప్పుకొన్నది. బొమ్మ బాగుగా వచ్చిన సంతోషములో, ఆ గొప్పతనమంతయు బిడ్డదే అయినట్లు, ఆ పాపకు ఏదైన కానుక ఇయ్యవలెనని ఇల్లంతయు వెదకినదట. ఆ దినముననే బొమ్మను అచ్చువేసి, చట్రము కట్టించి, బాలిక తండ్రికి బహూకరించినది. ఆమె తరువాతి కాలమున ప్రపంచ ప్రసిద్ధురాలైనది. ఆ ప్రసిద్ధికి మొదలు మాత్రము, కుటుంబములో ఇచ్చిపుచ్చుకొనిన రెండు కానుకలే: కూతురు తల్లికిచ్చిన కెమేరా, తల్లి ఆ బాలిక తండ్రికిచ్చిన బిడ్డ బొమ్మ.

మన తెలుగుదేశమున హైదరాబాదు నగరమునందు రాజా దీన్ దయాళ్ పేరు వినని ఛాయాగ్రాహకుడు ఉండడు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థానమున ఆయన పనిచేసెను. పరదా పాటించు స్త్రీలు పరపురుషుని యెదుట కూర్చుండరు గదా! వారికొరకు ఆయన 1892లో ప్రత్యేకముగా జనానా స్టూడియో ఒకటి తెరచి, దానిని ఒక ఆంగ్ల వనితకు అప్పగించెను. తల్లులు వచ్చుటకు వీలైన చోటికే బిడ్డలును వత్తురు. అయితే ఇది ధనవంతుల ముచ్చట. సామాన్యుని ఇంటికి కెమేరా రాదగినదని లోకమునకు చూపినది 1900లో ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థవారు ఒక్క డాలరు ధరకు అమ్మిన బ్రౌనీ పెట్టె కెమేరా. మనదేశమున దానితో పోల్చదగినది ఆగ్ఫా వారి క్లిక్ త్రీ కెమేరా. ఒక ఫిల్ము చుట్టకు పండ్రెండు చదరపు బొమ్మలు. పండ్రెండే గనుక ఒక్కొక్కటి ఆలోచించి తీసెడివారు. నేడు సెల్‌ఫోనులో పండ్రెండు వందలు తీసినను అడుగువారు లేరు. ఆలోచన తగ్గుటకు అదియే కారణమేమో!

మన పల్లెలలో చంటిబిడ్డలకు ఫోటో తీయించరాదను నమ్మకము చాలకాలముండెను. ఫోటో తీసినచో ఆయువు తగ్గునని పెద్దలు భయపడెడివారు. దీనిని చూచి నవ్వవలసిన పని లేదు. పుట్టిన బిడ్డలలో ఎందరు అయిదేండ్లు దాటుదురో తెలియని దినములవి. ఏది చేసినను బిడ్డకు కీడు మూడునేమోనని తల్లి గుండె కొట్టుకొనుచుండెడిది. ఆ భయము వలననే అనేక కుటుంబములలో, చిన్నతనముననే పోయిన బిడ్డకు ఒక్క బొమ్మయైనను లేకపోయినది. భయము ఏ బిడ్డకును ఆయువు పోయలేదు. జ్ఞాపకమును మాత్రము మిగుల్చనీయలేదు. నేటికిని దిష్టిభయము గల పెద్దలుందురు. వారితో వాదించుట కంటె బిడ్డ చెక్కిలిమీద కాటుకచుక్క పెట్టనిచ్చి బొమ్మ తీయుట ఉత్తమము. ఆ చుక్కను తుడిచివేయరాదు. ఇరువది యేండ్ల తరువాత ఆ బొమ్మలో ప్రియమైన వస్తువు ఆ చుక్కయే అగును.

భయము సడలిన తరువాత మన ఇండ్లలో పిల్లల ఫోటోలకు కొన్ని ముచ్చటలు ఏర్పడినవి. బిడ్డ బోర్లపడి తల యెత్తినప్పుడు ఒకటి. నెమలిపింఛము, పిల్లనగ్రోవి పెట్టి చిన్నికృష్ణుని వేషములో ఒకటి. భోగినాటి సాయంకాలము పేరంటాండ్రు చుట్టుచేరి రేగుపండ్లు, చెరకుముక్కలు, పూలరేకులు, చిల్లర డబ్బులు కలిపి తలమీద పోయునప్పుడు ఒకటి. వీనియన్నింటిలోను తెలుగువారికే చెల్లిన అందము పూలజడ ఫోటోకు కలదు. వేసవిలో మామిడిపండ్లతోపాటు మల్లెలును విరివిగా వచ్చును. మొగ్గలను సూదితోను దారముతోను వరుసలుగా జడకు కుట్టి, పాపిడిబిళ్ళ పెట్టి, జడగంటలు కట్టి, మొగ్గలు విచ్చి వాడకముందే ఆడపిల్లను స్టూడియోకు తీసికొనిపోయెడివారు. జడ వెనుకనుండును, ముఖము ముందుండును. ఒక్క బొమ్మలో రెండును రావలెను. అందులకు స్టూడియోవారు పిల్ల వెనుక నిలువుటద్దమును కొంచెము ఏటవాలుగా నిలిపెడివారు. అద్దములో జడ కనబడవలెను. కెమేరాయు, దాని వెనుక నున్న మనిషియు కనబడరాదు. ఆ కోణము కుదురువరకు పిల్ల మెడ నొప్పి పుట్టునట్లు నిలువవలసినదే. అందుచేత ఆ బొమ్మలలో జడ నవ్వుచుండును గాని పిల్ల నవ్వదు! అయినను మన ఇండ్లలో అమ్మమ్మలు భద్రముగా దాచుకొనిన తమ చిన్ననాటి బొమ్మ ఏదియని అడిగినచో తరచుగా అదియే చూపుదురు.

ఈ ముచ్చట లన్నియు ఒక్కొక్కమారు జరుగునవి. ఏటేటా తీయు బొమ్మ వేరు. దానిలోని అందము ఒక్క బొమ్మలో ఉండదు, వరుసలో ఉండును. నికొలస్ నిక్సన్ అను అమెరికా ఛాయాగ్రాహకుడు 1975లో తన భార్యను, ఆమె ముగ్గురు సోదరీమణులను నిలువబెట్టి ఒక బొమ్మ తీసెను. అటుపిమ్మట నలుబది యేండ్లకు పైగా ఏటేటా ఒక బొమ్మ తీయుచునే యుండెను. నలుగురును నిలుచు వరుస ఎప్పుడును మారలేదు. అందులో ఏ ఒక్క బొమ్మ చూచినను నలుగురు స్త్రీలు నిలిచియున్నారు, అంతే. అన్నియు వరుసగా చూచినప్పుడు మాత్రము కాలము కంటికి కనబడును. పెద్దల విషయముననే ఇట్లున్నచో ఏడాదికి నాలుగు అంగుళములు పెరుగు పసివారి విషయము చెప్పనేల!

కావున మొదటి సూత్రము ఇది: చోటు మార్చరాదు, ఋతువు మార్చరాదు, వరుస మార్చరాదు. వేసవి సెలవులలో పిల్లలు తాతగారి ఊరికి వచ్చినప్పుడు తోటలో ఒక చెట్టును ఎంచుకొనవలెను. ముసలి మామిడిచెట్టు మొదలు ఏడాదిలో గుర్తింపదగినంత మారదు. పక్కన నిలిచిన బిడ్డ మారును. ఒక ఏడు వేరుమీద కూర్చున్నవాడు మరుసటి ఏడు కాండమును కౌగిలించును, అటు తరువాత క్రింది కొమ్మను అందుకొనును. కొలబద్ద పెట్టి కొలిచినను ఇంత చక్కగా తెలియదు. అన్నదమ్ముల బిడ్డలు, అక్కచెల్లెండ్ర బిడ్డలు అందరును ఉన్నచో పెద్దనుండి చిన్నవరకు ఒకే వరుసలో నిలువబెట్టవలెను. సెలవులకు రాలేక దూరదేశముననున్నవారు తమ ఇంటి గుమ్మమునో, ఒక కుర్చీనో అట్లే గురుతుగా పెట్టుకొనవచ్చును. తోట లేకున్నను వరుస చెడదు.

రెండవ సూత్రము: ఏడు తప్పరాదు. మామిడిచెట్టుకు ఏడు విడిచి ఏడు విరగకాయు స్వభావము కలదు. ఈ ఏడు కాపు లేకున్న వచ్చే ఏడు చూతమని రైతు ఓర్చుకొనును. బిడ్డ విషయమున అట్లు కాదు. మూడవ యేటి ముఖము నాలుగవ యేట తిరిగి రాదు. ముందరి పళ్ళు ఊడిన నవ్వు ఒక్క ఏడాదియే. జబ్బుపడి లేచినదని, పుట్టువెండ్రుకలు తీయించినారని, గుండు బాగుండదని ఆ ఏడు మానివేయు తల్లులున్నారు. తాతకును అమ్మమ్మకును గుండు కూడ కావలెను. వారు చూడలేకపోయిన ఏడాదిని వారికి చూపుటయే ఈ కానుక పని.

ఇక తీయు విధానము. వేసవి ఎండను గురించి నూజివీడు వారికి చెప్పవలసిన పని లేదు. మిట్టమధ్యాహ్నము తీసిన బొమ్మలో కండ్లున్నచోట రెండు నల్లని గుంటలు పడును; పైగా బిడ్డ కండ్లు చికిలించును. ఉదయము ఎనిమిది గంటల లోపల గాని, సాయంకాలము ఎండ వాలిన తరువాత గాని తీయవలెను. చెట్టునీడ చల్లనిదే గాని దానిలో ఒక చిక్కున్నది. ఆకుల సందులనుండి జారిన ఎండ ముఖముమీద తెల్లని మచ్చలుగా పడును. చిక్కని ఆకులనుండి వచ్చు వెలుగు చర్మమునకు పచ్చని ఛాయ నిచ్చును. అందుచేత బిడ్డను చెట్టు నడుమ గాక, నీడ అంచున, ముఖము బయటి ఆకాశమువైపు తిరుగునట్లు నిలుపవలెను. ఇంటివద్దనైనచో వసారా అంచు, వీధి అరుగు ఇందుకు మిక్కిలి తగినవి. పైన కప్పు ఎండను ఆపును. ఎదుటి ఆకాశము మెత్తని వెలుగు నిచ్చును. స్టూడియోలు దీపములతో కల్పింప యత్నించునది ఆ వెలుగునే.

కెమేరా ఎత్తు ముఖ్యము. పెద్దలు నిలిచి క్రిందికి వంచి తీసిన బొమ్మలో బిడ్డ తల పెద్దదిగను, కాళ్ళు పొట్టివిగను కనబడును. తీయువారు నేలమీద చతికిలబడి, బిడ్డ కండ్ల ఎత్తునకు కెమేరా తేవలెను. బట్టలకు మట్టి అంటకుండ పసిబిడ్డను ఫోటో తీయుట సాధ్యము కాదు. సెల్‌ఫోనును ముఖమునకు మరీ చేరువగా పెట్టినచో ముక్కు ఉబ్బినట్లును చెవులు వెనుకకు పోయినట్లును వచ్చును. నాలుగైదు అడుగులు వెనుకకు జరుగుట మంచిది. పిలుచువారు పక్కన నిలిచి పిలిచినచో చూపు పక్కకు పోవును. పిలుచువారు ఒక్కరే ఉండవలెను, తీయువారి భుజము వెనుకనే ఉండవలెను. పదిమంది చుట్టుచేరి చిటికెలు వేసి, చప్పట్లు చరచి, నవ్వు నవ్వు అని తొందరించినచో బిడ్డ నవ్వదు సరిగదా, బెదరి ఏడ్చును. నిద్ర తీరి, కడుపు నిండిన వేళ చూచి, అయిదు నిమిషములలో ముగింపవలెను. అప్పటికి కుదరనిచో మరునాడు చూడవచ్చును.

నవ్వుమని చెప్పుట కంటె పని యిచ్చుట మేలు. మామిడితోటలో పనికి కొదవ యేమి? చిన్నరసము పసివాని రెండుచేతులకు సరిగా సరిపోవు పండు. బంగినపల్లిని కత్తితో కోసి ముక్కలుగా ఇత్తుము. రసమును పిసికి నోటితో జుర్రుకొందురు. నీళ్ళలో వేసియుంచిన పండును తీసి, ముచ్చిక త్రుంచి, పెదవులు పొక్కకుండ మొదటి సొనచుక్కను పిండివేసి, అమ్మమ్మ పండును బిడ్డ చేతిలో పెట్టును. అటుపిమ్మట రసము గడ్డముమీదుగా, ముంజేతిమీదుగా, మోచేతివరకు కారును. పండు సంగతి తప్ప బిడ్డకు లోకములో మరేమియు పట్టదు, కెమేరాను మరచిపోవును. ఆ క్షణమున తీయవలెను. ఉతికిన చొక్కా తొడిగి, తల దువ్వి, పౌడరు వేసి తీసిన బొమ్మ కూడ ఒకటి ఉండనిండు. అది గోడకు తగిలింపవచ్చును. మెతుకు ముట్టని రోజున కూడ తాత దిండుక్రిందనుండి తీసి చూచుకొనునది మాత్రము రసము కారుచున్న బొమ్మయే.

ఇప్పుడు గుడ్డ క్రింద దాచిన ఆ తల్లి చేతిని తిరిగి తలచుకొనవలెను. మన ఇండ్లలో నేటికిని అట్టి పనియే జరుగుచున్నది. కూర్చుండలేని బిడ్డను అమ్మమ్మ ఒడిలో పెట్టుకొని పట్టుకొనును. బొమ్మ తీయువారు, అమ్మా కొంచెము వెనుకకు జరుగుము, చేయి కనబడుచున్నదని చెప్పుదురు. ఆమెయు, ముసలిదానిని నేనెందుకు, బిడ్డ చాలునని పక్కకు తప్పుకొనును. అట్లు జరుగనీయరాదు. ఈ కానుకకు రెండు కొనలున్నవి. బిడ్డ ఏటేటా పెరుగుచున్నది. కానుక నందుకొను పెద్దలు ఏటేటా తరుగుచున్నారు. వరుసగా పది బొమ్మలు పేర్చినచో బిడ్డ వేరుమీదనుండి కొమ్మకు ఎదుగును. అమ్మమ్మ నిలుచుటనుండి కుర్చీకి, కుర్చీనుండి మంచమునకు మారును. పదునొకండవ బొమ్మలో ఆమె ఉండకపోవచ్చును. ఆ బిడ్డ పెద్దదై తన బిడ్డకు ఆ బొమ్మ చూపినప్పుడు తన ముఖమును చూచుకొనదు. తన నడుమును పట్టుకొనియున్న ఆ చేతిని, ఆ చేతి గాజులను, మామిడిపండు సొన మరకపడిన ఆ వ్రేళ్ళను చూచును. కావున చేయి కనబడనిండు. మనిషియంతయు కనబడిన మరియు మంచిది. సంవత్సరమునకు ఒక్క బొమ్మ అయినను తాతయు, అమ్మమ్మయు, నాయనమ్మయు బిడ్డతోకూడ ఉండి తీయించుకొనవలెను. సాధారణముగా బొమ్మ తీయునది తండ్రియో తల్లియో అగుటచేత వారే ఏ బొమ్మలోను లేకపోవుట కూడ కద్దు. కెమేరాను ఒకసారి పొరుగువారి చేతికి ఇయ్యవలెను.

తీసిన బొమ్మ సెల్‌ఫోనులో నున్నంతవరకు అది కానుక కాదు. వేల బొమ్మలలో అదియొకటి; ఫోను పోయినచో, పాడైనచో, బిడ్డ బాల్యమంతయు దానితో పోవును. ఎంచి, ఒకటి రెండు బొమ్మలను కాగితముమీద అచ్చువేయింపవలెను. కన్ను మసకబారిన పెద్దలకు అరచేతి వెడల్పు బొమ్మ చాలదు. కొంచెము పెద్దది వేయించుట మంచిది. మిగిలినవానిని రెండుమూడు వేరు వేరు చోట్ల నకలుచేసి ఉంచవలెను. కాగితపు బొమ్మకు కూడ శత్రువులున్నవి: ఎండ, వేడి, చెమ్మ, పురుగు. పాతకాలపు నలుపు తెలుపు బొమ్మలలో వెండి ఉండును. జాగ్రత్తగా కడిగి ఆరబెట్టినవి వంద యేండ్లకు పైగా నిలిచినవి. రంగుల బొమ్మలలోని వర్ణకములు అంత గట్టివి కావు. 1970, 1980 ప్రాంతముల రంగుల ఫోటోలు ఎన్నో ఎర్రబారిపోవుట మనము ఎరుగుదుము. చట్రము కట్టించునప్పుడు బొమ్మ నేరుగా అద్దమునకు తగులనీయరాదు. వానకాలపు చెమ్మకు అది అద్దమునకు అంటుకొనిపోవును. నడుమ అంచు అట్ట వేయింపవలెను. జిగురు పూసిన పుటలుగల ఆల్బములకంటె మూలలు గ్రుచ్చు ఆల్బములు మేలు.

ఈ కానుక విషయమున నేటికాలమునకు తగిన హెచ్చరిక మరియొకటి చెప్పవలసియున్నది. కానుక యనునది ఒక ఇంటినుండి మరియొక ఇంటికి పోవునది. పండ్లబుట్టను వీధిలో పెట్టి దారిన పోవువారందరికి పంచము గదా! బిడ్డ బొమ్మను కూడ ఊరు పేరు తెలియని వేలమంది చూచునట్లు వెదజల్లుట తగదు. ఒకసారి చేయిదాటిన బొమ్మ ఎవరి చేతికి పోవునో, ఎట్లు మారునో తెలియదు. స్నానము చేయుచున్న బిడ్డ బొమ్మ అమ్మమ్మకు ముద్దే. అపరిచితులకు అది పనిలేదు. మాట వచ్చిన బిడ్డను ఒక్కమాట అడుగుట కూడ మర్యాదయే. ఇది తాతకు పంపుదునా అని అడిగినచో అయిదేండ్ల బిడ్డ తడుముకొనక సమాధానము చెప్పును. తనకు ఇష్టమైన బొమ్మను తానే ఎంచుకొనును. ఆ ఎంపిక తరచుగా మన ఎంపికకంటె బాగుండును. అప్పుడది తల్లిదండ్రులు పంపిన కానుక కాదు, మనుమడే పంపినది.

చివరిమాట. బొమ్మ వెనుక వ్రాయుట మరువరాదు. మన ఇండ్లలోని పాతపెట్టెలు తెరచి చూచినచో పేరు లేని బిడ్డలెందరో కనబడుదురు. ఇది పెద్దన్నయ్యా, చిన్నన్నయ్యా అని ముగ్గురు అక్కచెల్లెండ్రు ముమ్మార్లు వాదించుకొందురు, చెప్పగలవారు వెళ్ళిపోయియుందురు. బిడ్డ పేరు, పక్కనున్నవారి పేర్లు, తేదీ, ఊరు, చెట్టు పేరు వ్రాయవలెను. బొమ్మమీదికి గీత తేలకుండ మెత్తని పెన్సిలుతో వ్రాయవలెను. నునుపు కాగితముమీద పెన్సిలు పడనిచో ఆల్బము పుటపై వ్రాయవలెను. ఆ ఏడాది బిడ్డ క్రొత్తగా నేర్చిన మాట ఒకటి దాని క్రింద చేర్చినచో అంతకుమించిన సొమ్ము లేదు. మామిడిపండును రసమనలేక బిడ్డ ఏమని పిలిచెనో ఆ ముద్దుపేరే, ఆ వంకరతోనే వ్రాయవలెను. ఆ మాటను బిడ్డ మరుసటి వేసవికి సరిదిద్దుకొనును. కాగితము మాత్రము దానిని అట్లే పట్టియుంచును.